అప్‌డేట్: ఐదో నెల కడుపుతో ఉన్నాను, ఏడుపొస్తోంది, తిండి సయించడం లేదని అడిగాను కదా

తిండి మారిస్తే మనసు కుదుటపడుతుందా అని పోయిన నెల అడిగాను. "ఏడుపు సంగతి కూడా డాక్టర్‌కి చెప్పమ్మా" అన్నవాళ్లందరికీ దండాలు.

చెప్పాను. ఇక్కడ తిరుపతిలో నేను చూపించుకునే డాక్టరమ్మ ఎడిన్‌బరో స్కేల్ అని, గర్భిణులకు, బాలింతలకు మనసులో దిగులు ఎంతుందో చూసే పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. గడిచిన ఏడు రోజులు ఎలా ఉన్నావని అడుగుతుంది. చివరి ప్రశ్న, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. అక్కడ పెన్ను ఆగిపోయింది. "ఎప్పుడో అరుదుగా" దగ్గర టిక్ పెట్టాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకొని చాలాసేపు మాట్లాడారు. ఇప్పుడు వారానికోసారి కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను.

రక్తం కూడా తక్కువే. హిమోగ్లోబిన్ 9.2 ఉంది, కనీసం 11 ఉండాలట. ఇన్నాళ్లూ ఐరన్ మాత్ర టీ తాగుతూ వేసుకున్నాను, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదట! ఇప్పుడు నిమ్మరసంతో వేసుకుంటున్నాను.

చిత్తూరు నుంచి అమ్మ వచ్చింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ఆకుకూర పప్పు కొంచెం కొంచెంగా పెడుతోంది. ఒంట్లో ఓపిక వచ్చింది. కానీ ఏడుపు తగ్గింది మాత్రం మాట్లాడటం మొదలుపెట్టాకే. తిండితోనే సరిపోతుందని నాలాగా ఆగకండి. రాత్రిపూట భయమేస్తే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు అడగరు, తెలుగులోనే మాట్లాడతారు.

నిన్న సంగటి ముద్ద మొత్తం తిన్నాను.