మూడో తరగతికి ముందు ఎక్కాలా, ముందు లెక్కలా? మీరేమంటారు

పొదిలి నాన్న:
మా పాప మూడో తరగతి. వాళ్ళ స్కూల్లో ఎక్కాలు అప్పజెప్పించేది తక్కువ, సున్నాలు చుక్కలు గీయించేది ఎక్కువ. మేం సాయంత్రం ఇంటిబెల్లు ముందు నిలబడి గొంతెత్తి చదివినోళ్ళం, ఏడెనిమిదులు ఎంతంటే నిద్దట్లో లేపినా యాభై ఆరు అంటాం. ఎక్కం నోటికి రాకుండా గుణకారం లెక్క ఎట్టా చేస్తారండీ?

కావలి టీచర్:
అన్నా, ఎక్కాలు వద్దని నేనూ అనను, కానీ నా క్లాసులో 20వ ఎక్కం దాకా గడగడా చెప్పే పిల్లోడికి '4 సంచులు, ఒక్కో సంచిలో 6 నిమ్మకాయలు, మొత్తం ఎన్ని' అని ఇస్తే 10 అని రాశాడు. ఎందుకురా అంటే 'మొత్తం అని ఉంది కదా మేడం, అంటే కూడికే' అన్నాడు. ఈ కిటుకు ఎవరు నూరిపోస్తున్నారో గానీ పిల్లలు లెక్క చదవడం మానేసి ఆ ఒక్క మాట కోసం వెతుకుతున్నారు. పలక మీద 4 సున్నాలు చుట్టించి ఒక్కోదాంట్లో 6 చుక్కలు పెట్టమన్నా, రెండోది నిండేసరికే 'మేడం ఇది ఆరో ఎక్కం' అని అరిచాడు. ఎక్కం వాడికి వచ్చు, యాడ వాడాలో తెలీలా. తర్వాత అవే చుక్కలు 4 వరసలు, వరసకి 6 పెట్టించి పలక అడ్డంగా తిప్పమన్నా, 6 వరసలు, వరసకి 4 అయింది. ఆరు నాలుగులు వస్తే నాలుగు ఆర్లు మళ్ళీ బట్టీ పట్టే పనేముంది?

నెల్లూరు అమ్మ:
చుక్కలు చిన్న లెక్కలకి సరే మేడం, 14 ఆర్లు అంటే ఎన్ని గీస్తారు? నవోదయ పరీక్షలో 20 లెక్కలకి అరగంటే ఇస్తారు, అక్కడ సున్నాలు చుట్టుకుంటా కూర్చుంటే అయిపోయినట్టే.

కావలి టీచర్:
అప్పుడు చుక్కలు గీయరమ్మా, విడగొడతారు. పది ఆర్లు 60, నాలుగు ఆర్లు 24, కలిపితే 84. ఐదో తరగతికల్లా ఎక్కాలు తడుముకోకుండా రావాల్సిందే, దాన్లో నాకు గొడవ లేదు. 2021లో వచ్చిన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర ప్రభుత్వ పథకం) కూడా మూడో తరగతి అయ్యేసరికి తేలికపాటి గుణకారం లెక్కలు చెయ్యాలనే అంటోంది, చెయ్యడమంటే అప్పజెప్పడం కాదు కదా.

కందుకూరు మాస్టారు (రిటైర్డ్):
ఇద్దరూ ఒక పని చెయ్యండి. 4×6కి ఒక కథ చెప్పమని బిడ్డని అడగండి. 'నా దగ్గర 4 పెన్సిళ్ళు, అన్న దగ్గర 6' అన్నాడంటే వాడికి గుణకారం ఇంకా ఎక్కలేదని అర్థం. ఇంకోటి, 3 డబ్బాల్లో 5, 5, 7 బిళ్ళలు ఉన్న లెక్క మధ్యలో ఇవ్వండి. 'అన్నిట్లో సమానంగా లేవు కదా, ఎట్టా గుణిస్తాం' అని అడిగాడంటే ఇంక భయం లేదు.

పొదిలి నాన్న:
ఇప్పుడే అడిగా మాస్టారూ. '4 సైకిళ్ళు, సైకిలుకి 6 చక్రాలు' అంది 😀 చక్రాల సంగతి తర్వాత, లెక్క మాత్రం సరిగ్గా చెప్పింది. చుక్కలు గీసుకోనీ మేడం, కానీ రాత్రి పడుకునే ముందు ఒక ఎక్కం అప్పజెప్పించుకోవడం మాత్రం నేను మానను.