అప్‌డేట్: అమ్మానాన్నలతో కాంకార్నో వెళ్లొచ్చాం

కారు లేకుండా, మోకాళ్ల నొప్పులున్న అమ్మని తీసుకుని ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతంలోని కాంకార్నో అనే ఊరు చూడటం కుదురుతుందా అని అడిగాను కదా. కుదిరింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఊళ్లోకి రైలు రాదు కాబట్టి మీరు చెప్పినట్టే దగ్గర్లోని కెంపేర్ ఊళ్లో రైలు దిగి బస్సెక్కాం. కోట గోడల మధ్య ఉన్న పాత ఊరు, 'విల్ క్లోజ్', చిన్న దీవి. లోపల వీధుల్లో అమ్మ నెమ్మదిగా నడవగలిగింది. గోడల పైకి మాత్రం మెట్లున్నాయి, నాన్నగారూ నేనూ ఎక్కాం.

అందరికీ బాగా నచ్చింది చేపల వేట మ్యూజియం. పక్కనే నీళ్లలో ఆపి ఉంచిన 'ఎమెరికా' అనే పాత ట్రాలర్ (వలలు లాగి చేపలు పట్టే పెద్ద పడవ) లోకి దిగి చూడొచ్చు. అంత ఇరుకులో మనుషులు రోజుల తరబడి సముద్రం మీద ఎలా ఉండేవారోనని నాన్నగారు చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. 1900ల మొదట్లో సార్డీన్ చేపలు రావడం మానేస్తే ఈ ఊరు ఆకలితో అల్లాడింది. ఆ కుటుంబాలకి విరాళాల కోసం 1905లో మొదలుపెట్టిందే నీలి వలల పండుగ. ఇప్పటికీ ఆగస్టులో జరుగుతుంది. సార్డీన్ వలలకి నీలం రంగు వేసేవాళ్లు, పేరు అలా వచ్చింది. ఈ కథ తెలిసి వెళ్తే ఊరు వేరేగా కనిపిస్తుంది.

తిండికి టెన్షన్ అక్కర్లేదు. బక్‌వీట్ అనే గింజల పిండితో పల్చటి దోసెలా చేసే గాలెట్ చీజ్‌తో అడిగితే శాకాహారులకి సరిపోతుంది. ఆగస్టు రద్దీ పడనివాళ్లు జూన్‌లో వెళ్లండి.