అప్‌డేట్: మూఢంలోనూ జీతాలు ఆగలేదు

రాజమండ్రిలో పెళ్లిళ్ల ప్లానింగ్ మొదలుపెట్టా, ఆషాఢం, మూఢం వస్తే జీతాలెలా ఇవ్వాలని అడిగాను కదా. బారసాలలు పట్టుకోమన్నారు. పట్టుకున్నా. 21వ రోజు వచ్చిందంటే మూఢమైనా చేసేస్తున్నారు. ఉయ్యాల అలంకరణ, భోజనాలు, ఫొటోలు కలిపి ఒకే రేటు. పెళ్లంత మిగలదు గానీ కుర్రాళ్ల జీతాలు వెళ్లిపోతున్నాయి.

పూలు నేరుగా కడియపులంక మార్కెట్లోనే కొంటున్నా. ముహూర్తాలప్పుడు బంతి రేటు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అందుకే కొటేషన్‌లో పూలు విడిగా, 'ఆ రోజు మార్కెట్ రేటు' అని రాస్తున్నా. ఆడపెళ్లివారు సరేనంటున్నారు, పేచీ అంతా మేనమామలతోనే!

బ్యాలెన్స్ పందిరి వేసేలోపే తీసుకుంటున్నా. అప్పగింతలయ్యాక ఎవరూ ఫోనెత్తరు.

తేలనిది జీఎస్టీ. 18 శాతం అనగానే బిల్లొద్దంటున్నారు. మీరేం చెప్పి ఒప్పిస్తున్నారు?