'బ్రెత్' నవల తెరకెక్కినప్పుడు నడివయసు కథకుడు ఎక్కడికి పోయాడు?

ప్రశ్న: పుస్తకాలపురుగు

ఆస్ట్రేలియా రచయిత టిమ్ వింటన్ 2008లో రాసిన 'బ్రెత్' నవలను ఈ మధ్య రెండోసారి చదివి, ఆ వెంటనే సైమన్ బేకర్ దర్శకత్వంలో 2017లో వచ్చిన చిత్రాన్ని చూశాను. చదివిన వేడి చల్లారకముందే చూడడం పొరపాటేమో గాని, ఒక సందేహం మాత్రం వదలడం లేదు. నవల మొదట్లో, కథ చెప్పే బ్రూస్ పైక్, అంబులెన్సులో పనిచేసే, యాభైకి చేరువైన మనిషి, ఊపిరాడక చనిపోయిన ఒక కుర్రవాడి ఇంటికి వెళతాడు. తోటి ఉద్యోగి ఆత్మహత్య అనుకున్నది ఆత్మహత్య కాదని అతనికి చూడగానే తెలిసిపోతుంది. ఎలా తెలిసిందన్న ప్రశ్నకు జవాబుగానే మిగతా నవలంతా నడుస్తుంది. 1970లలో పశ్చిమ ఆస్ట్రేలియా దక్షిణ తీరాన, సాయర్ అనే కల్పిత మిల్లు ఊరిలో పైక్‌లెట్ (చిన్నప్పటి బ్రూసే), లూనీ అనే ఇద్దరు పిల్లలు నదిలో ఊపిరి బిగబట్టే పందేలతో మొదలుపెట్టి, శాండో అనే పాత సర్ఫర్ (బోర్డు మీద నిలబడి అలలపై జారే మనిషి) వెంట పడి, ఎవరూ వెళ్లని అలల మీదికి వెళ్లడమే ఆ జవాబు.

చిత్రంలో ఆ అంబులెన్సు లేదు, ఆ చనిపోయిన కుర్రవాడూ లేడు. కథ నేరుగా పిల్లలతోనే మొదలై పిల్లలతోనే సాగుతుంది. ఎదిగే వయసు కథను తెరకెక్కించేటప్పుడు, ఎదిగిపోయిన మనిషిని కథలోంచి తీసేయవచ్చునా?

జవాబు: కత్తెర

నేను ఎడిటింగ్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ కోతను సమర్థిస్తాను. పుస్తకంలో 'నేను' అనే మాట ఒకే వాక్యంలో పన్నెండేళ్ల పిల్లవాడూ కాగలదు, యాభై ఏళ్ల మనిషీ కాగలదు. తెర మీద దానికి ఇద్దరు నటులు కావాలి. పెద్దవాడి ముఖం చూపించిన ప్రతిసారీ, నీళ్లలో మునిగిన పిల్లవాడు బతికి బయటపడ్డాడని మనమే ప్రేక్షకుడికి ముందుగా చెప్పినట్టవుతుంది. పిల్లవాడు పైకి తేలతాడా లేదా అన్నదే ఊపిరిగా ఉన్న చిత్రానికి ఇంతకంటే పెద్ద నష్టం ఉండదు. మన సినిమాల్లో సగం నిడివి తినేసే ఫ్లాష్‌బ్యాకులు చూసి చూసి విసిగినవాణ్ణి కావడం వల్ల కూడా ఇలా అంటున్నానేమో.

పైగా కథకుడు పూర్తిగా పోలేదు. చిత్రంలో వినిపించే వాయిస్ ఓవర్ వింటన్‌దే. స్క్రీన్‌ప్లేలో జెరార్డ్ లీ, బేకర్‌లతో పాటు ఆయన పేరు కూడా ఉంది. ముఖం తీసేసి గొంతు ఉంచారన్నమాట, అదీ రాసిన మనిషి గొంతు.

జవాబు: తీరవాసి

పెర్త్‌లో ఉంటున్నాను గనుక ఆ సముద్రం సంగతి చెబుతాను. చిత్రీకరణ డెన్మార్క్ అనే ఊళ్లో జరిగింది. పేరు యూరప్ దేశానిదే అయినా ఊరు ఇక్కడిది, పెర్త్‌కు దక్షిణంగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నిటారుగా పెరిగిన కర్రి అనే యూకలిప్టస్ చెట్ల అడవులు దాటాక ఒడ్డు వస్తుంది, ఆ ఒడ్డుకూ అంటార్కిటికాకూ మధ్య అడ్డు పెట్టడానికి భూమి అన్నది లేదు. ఎక్కడో దక్షిణాన రేగిన తుఫానుల బలమంతా అలల రూపంలో ఇక్కడికి చేరుతుంది. విశాఖ బీచిలో కాళ్లు తడుపుకుని పెరిగిన నాకు, మొదటిసారి ఆ నీళ్లలో దిగినప్పుడు, ఇది మనం ఎరిగిన సముద్రం కాదని మోకాళ్ల లోతులోనే అర్థమయింది.

అందుకే నటుల ఎంపికే అసలు అనువాదం అని నా ఉద్దేశం. 1957లో వచ్చిన 'గిడ్జెట్' నవల కూడా కాలిఫోర్నియాలోని మాలిబు తీరంలో సర్ఫింగ్ నేర్చుకునే అమ్మాయి కథే. రెండేళ్లకే దాన్ని సినిమాగా తీసినప్పుడు అలల మీద కథానాయిక సాండ్రా డీకి డూపుగా, విగ్గు పెట్టుకుని బికినీ తొడుక్కుని నిలబడింది మికీ మున్యోజ్ అనే మగ సర్ఫర్. దగ్గరి షాట్లకు స్టూడియోలో వెనక తెర మీద సముద్రాన్ని ఆడించారు. బేకర్ ఇందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లి, నటన తెలియకపోయినా ఫరవాలేదని సర్ఫింగ్ తెలిసిన సామ్సన్ కౌల్టర్‌ను, బెన్ స్పెన్స్‌ను తీసుకున్నారు. నేల మీది దృశ్యాలకు మార్డెన్ డీన్, నీటి దృశ్యాలకు రిక్ రిఫిచి ఛాయాగ్రాహకులు. నటుడి ముఖం, అల రెండూ ఒకే ఫ్రేములో, కోత లేకుండా కనబడినప్పుడు, నవలలో పుటల కొద్దీ సాగే వర్ణన అవసరం తీరిపోతుంది. పనికిరాని పనిని ఇంత అందంగా చేసే మగవాళ్లను అంతవరకు చూడలేదని నవలలో పైక్‌లెట్ అనుకుంటాడు. చిత్రంలో ఆ ముక్కకు మాట అక్కర్లేదు.

జవాబు: ఉప్పుగాలి

కత్తెర గారితో నేను ఏకీభవించను. ఎదిగే వయసు కథల్లో ఎవరు ఏ వయసు నుంచి చూస్తున్నారన్నదే అసలు సరుకు. ఆస్ట్రేలియాలోనే దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. సిడ్నీ దగ్గరి క్రొనల్లా తీరంలో సర్ఫర్ కుర్రాళ్ల చుట్టూ తిరిగే అమ్మాయిల గురించి కాథీ లెట్, గాబ్రియెల్ కేరీ కలిసి 1979లో రాసిన 'ప్యూబర్టీ బ్లూస్'లో ఆ అమ్మాయిలకు పదమూడేళ్లు. 1981లో బ్రూస్ బెరెస్‌ఫర్డ్ తీసిన చిత్రంలో వాళ్లను పదహారేళ్లవాళ్లను చేశారు. చదువరిని ఉలిక్కిపడేలా చేసే పుస్తకం, ఆ మూడేళ్లు కలపడంతోనే కాస్త అలవాటైన కథగా మారింది. ఆడపిల్లలు ఒడ్డున కూర్చుని చూడవలసిందే గాని అల ఎక్కకూడదన్న కుర్రాళ్ల కట్టుబాటును దాటి, వాళ్లు సొంత బోర్డుతో నీళ్లలో దిగే ముగింపు మాత్రం చిత్రంలోనూ నిలిచింది.

'బ్రెత్'లో శాండో భార్య ఈవా, స్కీయింగ్‌లో మోకాలు పోగొట్టుకుని ఇంట్లో మిగిలిపోయిన మనిషి, పదిహేనేళ్ల పైక్‌లెట్‌ను తన ఒంటరితనంలోకి లాగుతుంది. అది ఆ పిల్లవాడికి జరిగిన హాని అని నవలలో మనకు తెలిసేది పిల్లవాడి వల్ల కాదు. అతనికి అది తెలియదు, తనను ఎంచుకున్నారనే అనుకుంటాడు. దాని బరువు మోసింది, పెళ్లీ ఇల్లూ చెదిరిపోయాక దానికి పేరు పెట్టగలిగింది నడివయసు పైక్ మాత్రమే. ఆ మనిషిని తీసేస్తే, ఈవాగా ఎలిజబెత్ డెబికి ఎంత నిగ్రహంగా నటించినా, ప్రేక్షకులలో కొందరు దాన్ని తొలిప్రేమ కథగా చూసి ఇంటికి వెళతారు. అక్కడక్కడ వినిపించే గొంతు ఆ పని చేయలేదు.

పుస్తకాలపురుగు:

ఉప్పుగాలి గారు చెప్పిన ఈవా భాగమే నన్ను ఇబ్బంది పెట్టిందని ఇప్పుడు తెలుస్తోంది. అయితే కత్తెర గారి అభ్యంతరానికీ ఒక దారి ఉందనిపించి నవల మళ్లీ తిరగేశాను. చిన్నప్పటి పైక్‌లెట్ రాత్రిళ్లు మేలుకుని పక్క గదిలో తండ్రి గురక వింటుంటాడు. గురక మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదలయ్యేదాకా వాడు కూడా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాడు. నేనైతే చీకటి తెర మీద పెద్ద పైక్ ఊపిరితో మొదలుపెట్టి, ముఖం చూపించకుండానే ఆ తండ్రి గురకలోకి వెళతాను.

కత్తెర:

దీనికి నేను ఒప్పుకుంటాను. గురక ఆగిన చోట నాలుగు సెకన్లు ఉంచాలా, పది సెకన్లు ఉంచాలా అన్నది మాత్రం హాలులో కూర్చుని తేల్చుకోవలసిందే. పది ఉంచితే సౌండ్ పాడైందని ఎవరో ఒకరు కేక వేస్తారు.