ఓమ్ని 70 దాటితే కుదుపులు, ప్లగ్గులు వైర్లు మార్చినా పోలే

కోదాడ మైక్‌సెట్:
అన్నలూ ఒక సాయం కావాలి. 2008 మారుతి ఓమ్ని వ్యాను, పెట్రోల్, ఎంపీఎఫ్‌ఐ, అంటే కార్బురేటర్ కాదు, ఇంజెక్టర్లది. మైక్‌సెట్ సామాన్లు తిప్పుతా, బాక్సులు, యాంప్లిఫయరు, చిన్న జనరేటరు కలిపి లోడ్ బాగానే ఉంటది. ఊళ్లో తిరిగితే ఏం తెల్వదు, ఒక్క సెల్ఫ్‌కే లేస్తది, ఐడిలింగ్ నున్నగుంటది. సూర్యాపేట దాటి నకిరేకల్ దిక్కు పోతుంటే 70 దగ్గర మొదలైతది, బండి ముందుకు గుంజదు, తొక్కేకొద్దీ ఇంకా ఎక్కువ ఊగుతది, కాలు కొంచెం తీస్తే సర్దుకుంటది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఇంకా ఘోరం. పక్కకి ఆపి చాయ్ తాగి బయల్దేరితే కాసేపు మంచిగనే పోతది, మళ్లీ అదే కథ. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు మార్చిన, ఎయిర్ ఫిల్టర్ కొత్తది. ఇప్పుడు మెకానిక్ ఈసీఎం, అదే ఇంజన్ కంప్యూటర్, పోయిందంటుండు, సెకండ్‌హ్యాండ్‌దే మస్తు రేటు చెప్తుండు. మార్చాల్నా?

ఏలూరు ట్రావెల్స్:
ఈసీఎం జోలికి అప్పుడే వెళ్లకండి బాబూ. ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూపించారా? వెనక చక్రాలు నెట్టే బండి కదా, వాటిని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు (క్రాస్) అరిగినా ఆ స్పీడులోనే ఊపేస్తుంది.

ఖమ్మం పాత మెకానిక్:
తమ్ముడూ, ఇంక ఒక్క పార్టు కూడా కొనకు. కుదుపు ఎక్కడ పుడుతుందో రూపాయి ఖర్చు లేకుండా చాలావరకు తేల్చొచ్చు. ఏలూరాయన చెప్పింది మంచి మాటే, అదే ముందు తీసేద్దాం. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, వెనక ఎవరూ లేరని చూసుకుని, కుదుపు వస్తుండగానే క్లచ్ తొక్కి బండిని దొర్లనియ్. అప్పటికీ ఊగుతుంటే టైర్లు, డ్రమ్ములు, షాఫ్ట్ వైపు పోవాలి. క్లచ్ తొక్కగానే ఆగిపోతే చాలామట్టుకు ఇంజన్ సంగతే. షాఫ్ట్ క్రాస్ పోతే ఫస్ట్ గేర్లో క్లచ్ వదిలేటప్పుడు కింద టక్‌మని కొడుతుంది, అది కూడా విను. కొందరు కీ ఆఫ్ చేసి చూడమంటారు, ఆ పని చెయ్యకు, స్టీరింగ్ లాక్ పడొచ్చు, బ్రేక్ బూస్టర్ ఉంటే పెడల్ రాయిలాగ అయిపోద్ది.

తర్వాత థర్డ్‌లో పెట్టి ఖాళీ రోడ్డు మీద 55-60 పోనియ్. ఇంజన్ బాగా తిరుగుతుంది కానీ లోడ్ పడదు. అక్కడ రాకుండా టాప్ గేర్లో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వస్తే, తిరగడంతో కాదు, బరువు లాగడంతో ఇబ్బంది అన్నమాట. ఇంకోటి, మార్చిన పాత ప్లగ్గులు పారేశావా? ఉంటే మొన రంగు చెప్పు.

గుంటూరు నుంచి:
ఇదంతా ఎందుకండీ, ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోల్ వల్లే, మా బావగారి బండి కూడా ఇలాగే తయారైంది. 20 శాతం కలుపుతున్నారు, పాత బండ్లు దానికోసం చేసినవి కావు.

ఖమ్మం పాత మెకానిక్:
పాత రబ్బరు పైపులు, వాషర్లు దానికి తట్టుకోకపోవచ్చు, ఆ మాట ఒప్పుకుంటా. ఎక్కువ రోజులు కదలకుండా ఉంటే తేమ పీల్చుకుని నీళ్లు అడుక్కి దిగడం కూడా ఉంది. కానీ నీళ్లే అయితే పొద్దున్నే స్టార్టింగ్‌లోనే ఏడిపిస్తుంది, ఊళ్లో కూడా మిస్ కొడుతుంది. ఈ తమ్ముడి బండి ఊళ్లో మంచిగా ఉండి, హైవేలో చచ్చి, పది నిమిషాలు ఆగితే లేస్తుంది. పెట్రోల్‌ని తిట్టుకుంటూ కూర్చుంటే అది తేలదు.

కోదాడ మైక్‌సెట్:
అన్నా చూసిన. క్లచ్ తొక్కితే సాఫ్‌గ పోతుంది, టక్ సప్పుడు ఏం లేదు. థర్డ్‌లో 60 పోయిన, ఏం రాలే. టాప్‌లో లోడ్‌తోని 60కే ఫ్లైఓవర్ మీద వచ్చింది. పాత ప్లగ్గులు డ్యాష్‌బోర్డ్‌లనే ఉన్నయ్, మూడూ తెల్లగున్నయ్, నలుపు లేదు. ట్యాంక్ మూత తీసి కూడా చూసిన, ఎవరో యూట్యూబ్‌ల చెప్పిండు, గాలి లాగే సప్పుడు ఏం రాలే.

ఖమ్మం పాత మెకానిక్:
భలే, మూత సంగతి నేను అడుగుదామనుకున్నదే. మూతలో గాలి దారి మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ పట్టి పెట్రోల్ రాదు, తీయగానే సుయ్‌మంటుంది. అది లేదు కాబట్టి పక్కన పెట్టు.

ఆగితే తగ్గే జబ్బుల్లో ముఖ్యమైనవి రెండు. ప్లగ్గులకి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కితే చచ్చి చల్లారితే లేవడం ఒకటి, పెట్రోల్ సరిపడా అందకపోవడం ఇంకోటి. రెండూ లోడ్‌లోనే బయటపడతాయి కాబట్టి ఇప్పటిదాకా చేసినవాటితో వాటిని విడదియ్యలేం. ప్లగ్గులు మూడూ తెల్లగా ఉండటం మాత్రం పెట్రోల్ తక్కువ పడుతోందనే చెబుతోంది. కాయిల్ పోతే కుదుపు టప్పున కొడుతుంది, మిస్ అని చెవికి తెలుస్తుంది. పెట్రోల్ అందకపోతే నీరసంగా వంగిపోయి మళ్లీ లేస్తుంది. నువ్వు చెప్పిన ఊగడం ఈ రెండోదానిలాగే ఉంది. బండికి గ్యాస్ కిట్ ఏమన్నా ఉందా?

కోదాడ మైక్‌సెట్:
ఉందన్నా, ఆర్సీల కూడా ఎక్కించిండ్రు. నేను కొనకముందు గ్యాస్ మీదనే తిప్పిండ్రంట. మా దగ్గర్ల గ్యాస్ బంకు లేదని నేను రెండేండ్ల సంది పెట్రోల్ మీదనే తిప్పుతున్న. దీనికి దానికి ఏం సంబంధం?

ఖమ్మం పాత మెకానిక్:
మొత్తం సంబంధం అక్కడే ఉంది తమ్ముడూ. కిట్టూ సిలిండరూ టెస్ట్ గడువులో ఉన్నాయో లేదో చూపించుకుని, లీకు లేదని తేలాకే ఆటో గ్యాస్ బంకులో కొంచెం కొట్టించు. ఇంటి సిలిండర్ నుంచి ఎక్కిస్తామని ఎవడైనా అంటే ఒప్పుకోకు, అది నేరం, పైగా ప్రాణం మీదికొస్తుంది. అదే రోడ్డు, అదే లోడ్, పెట్రోల్ మీద పోతూ కుదుపు మొదలవగానే స్విచ్ గ్యాస్‌కి తిప్పు. గ్యాస్‌ని అంటించడానికి మంచి స్పార్క్ కావాలి, కాయిల్ నీరసంగా ఉంటే గ్యాస్ మీద ఇంకా ఎక్కువ ఏడిపిస్తుంది. గ్యాస్ మీద సాఫీగా పోయిందంటే కాయిల్, వైర్లు, ప్లగ్గులు, సైలెన్సర్ జామ్, ఇవన్నీ ఒకే దెబ్బకి పక్కకి పోతాయి. పెట్రోల్ లైను ఒక్కటే మిగులుతుంది.

కోదాడ మైక్‌సెట్:
అన్నా నీకు దండం. కిట్టు చెక్ చేపించి గ్యాస్ కొట్టించిన. కుదుపు రాంగనే స్విచ్ తిప్పిన, కాసేపట్ల మబ్బు ఇడిసినట్టు పోయింది, లోడ్‌తోని 80 గుంజింది. మళ్లీ పెట్రోల్‌కి తిప్పితే మళ్లీ మొదలు.

ఖమ్మం పాత మెకానిక్:
ఇక ఈసీఎం మాట మర్చిపో. ఇప్పుడు ఫ్యూయెల్ లైనుకి టీ జాయింట్ వేసి ప్రెజర్ గేజ్ పెట్టించు, నిలబెట్టి చూసి వదిలెయ్యకుండా గేజ్‌ని బయటికి కనబడేటట్టు కట్టి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి హైవేకే తీసుకుపొమ్మను. ఈ ఎంపీఎఫ్‌ఐ బండ్లకి ప్రెజర్ సుమారు రెండున్నర, మూడు కేజీల మధ్య నిలబడాలి. కుదుపు టైములో అది పడిపోతే తప్పు ఫిల్టర్‌దైనా, ట్యాంకులో పంపుదైనా, దాని జల్లెడదైనా అయ్యుండాలి. నా అనుమానం జల్లెడ మీదే. గ్యాస్ మీద తిప్పే బండ్లలో పెట్రోల్ ఎప్పుడూ రిజర్వులోనే పెట్టి ఏళ్లు గడుపుతారు, ఖాళీ ట్యాంకు లోపల చెమర్చి తుప్పు పడుతుంది, ఆ తుప్పంతా పెట్రోల్ ఎక్కువ లాగినప్పుడు జల్లెడకి వచ్చి అతుక్కుంటుంది. ఆపితే కిందికి రాలిపోతుంది. నీ చాయ్ మహిమ అదే. గుంటూరు ఆయన చెప్పిన ఇథనాల్ కూడా ఇక్కడ ఒక చెయ్యి వేసి ఉండొచ్చు, పాత మడ్డిని అది కదిలిస్తుంది.

ట్యాంక్ దించే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి, లైనులో ప్రెజర్ వదలాలి, ఆరుబయట చెయ్యాలి, బీడీ కాల్చేవాడిని దూరంగా నిలబెట్టాలి.

ఏలూరు ట్రావెల్స్:
మా దగ్గర అందరూ పార్టులు మార్చుకుంటూ పోతారండీ, స్విచ్ తిప్పి చూద్దామని ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు లెండి.

కోదాడ మైక్‌సెట్:
అయిపోయింది అన్నా. గేజ్ పెట్టి పోతే మామూలుగ మూడుకి కొంచెం తక్కువ ఉన్నది కుదుపు వచ్చినప్పుడు ఒకటిన్నరకి దిగింది. ట్యాంక్ దించితే అడుగున ఎర్ర మడ్డి, జల్లెడ గుడ్డ మొత్తం అదే రంగు, వేళ్ల మధ్య రుద్దితే ఇసుక లెక్క తగిలింది. ట్యాంక్ కడిగించి, జల్లెడ, ఫిల్టర్ కొత్తవి వేసినం, పంపు మంచిగనే ఉందని అదే పెట్టిండ్రు. నిన్న నార్కెట్‌పల్లి దాకా లోడ్‌తోని పోయొచ్చిన, ఒక్క కుదుపు లేదు. ఇంక ఏమన్నా చెయ్యాల్నా?

ఖమ్మం పాత మెకానిక్:
కడిగినా సన్న తుప్పు కొంత మిగిలే ఉంటుంది, నెల రెండు నెలల్లో బయటి ఫిల్టర్ ఇంకోసారి మార్చు, అది పెద్ద ఖర్చు కాదు. పావు ట్యాంకు కంటే కిందికి దిగనియ్యకు, పంపుకి చల్లదనం ఆ పెట్రోలే. మళ్లీ కుదుపు వస్తే ఆ గేజ్ పెట్టిన అబ్బాయి దగ్గరికే పో, ఈసీఎం అన్నాయన దగ్గరికి మాత్రం పోకు.