చెన్నై నుంచి రాజా అంపట్‌కి పడవ యాత్ర: తేదీలు, పడవ, మందులు ఎలా తేల్చుకోవాలి?

వేళచేరి_వాసి:
ఇండోనేషియాలో పాపువా పక్కనున్న రాజా అంపట్ దీవుల్లో 7 లేదా 8 రాత్రులు పడవలోనే ఉండి తిరగాలని అనుకుంటున్నాం. నలుగురం: నేను, మా ఆవిడ, పదకొండేళ్ల బాబు, 64 ఏళ్ల అమ్మ. డైవింగ్ ఎవరికీ రాదు, స్నార్కెలింగ్ వరకే. బాబుకి పిట్టలంటే ప్రాణం. అమ్మకి బీపీ ఉంది, గుడ్డు కూడా ముట్టదు. సెలవులు డిసెంబరు చివర గానీ, సంక్రాంతికి నాలుగు రోజులు కలుపుకుని గానీ దొరుకుతాయి.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఉత్తరం వైపు వాయిగియో చుట్టూ తిరిగితే చాలా, దక్షిణాన మిసూల్ కూడా కలుపుకోవాలా? పదహారు మంది పట్టే చెక్క పడవా, వందమంది ఎక్కే ఓడా? మలేరియా మాత్రలు నిజంగా అవసరమా? అమ్మకి కడుపులో తిప్పకుండా ఏం చేయాలి? విమానాలు ఎలా కలపాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పగడపుదిబ్బ:
పడవ సంగతి తర్వాత, ముందు తేదీలు, దారి తేల్చుకోండి. పడవ బుక్ చేసేశాక దారి మార్చలేరు.

అక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయపు గాలి వీస్తుంది, మిసూల్ వైపు సముద్రం లేస్తుంది, చాలా పడవలు ఆ నెలల్లో ఇండోనేషియాలోనే ఉన్న కొమోడో దీవులకి వెళ్లిపోతాయి. కాబట్టి మీ రెండు సెలవులూ పనికొస్తాయి. డిసెంబరు చివరి వారం ధరలు బాగా ఎక్కువ, పైగా ఆ నెలలో చెన్నై వానలకి విమానాలు ఆలస్యం కావచ్చు. జనవరి మేలు. మధ్యమధ్య జల్లులు, కాసేపు గాలి దుమారం ఉంటాయి, రోజంతా పట్టే ముసురు అరుదు. నీళ్లు 27 నుంచి 30 డిగ్రీలు. ఈ నెలల్లో నీటిలో తేలే సూక్ష్మజీవులు, అంటే ప్లాంక్టన్, ఎక్కువగా ఉండి దూరం కాస్త మసకగా కనిపిస్తుంది, కానీ రెక్కల్లాంటి మొప్పలున్న పెద్ద మాంటా రే చేపలు వచ్చేది ఆ ప్లాంక్టన్ కోసమే.

ఇక పంచాంగం తీయండి. ఈ మాట పడవలవాళ్లు మీకు చెప్పరు. వాయిగియోకీ బతాంతాకీ మధ్యనున్న డాంపియర్ జలసంధిలో ఆటుపోట్ల నీరంతా ఇరుకు సందుల్లోంచి పారుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు ప్రవాహం అన్నిటికన్నా ఉధృతం. అష్టమి దాటాక బాగా తగ్గుతుంది. అనుభవం ఉన్న డైవర్లు ఆ ఉధృతి కోసమే పౌర్ణమి చూసుకుని వస్తారు, ప్రవాహం ఉంటే చేపల గుంపులు దిబ్బ అంచుకి వస్తాయి కాబట్టి. మీకు పిల్లవాడు, పెద్దావిడ ఉన్నారు. యాత్ర మధ్యలో అష్టమి పడేలా బయలుదేరే రోజు ఎంచుకోండి. ఎనిమిది రాత్రుల్లో కనీసం ఐదు రోజులు నీళ్లు నెమ్మదిగా దొరుకుతాయి.

దారి విషయంలో ఉత్తరమే చాలు. మిసూల్ మెత్తని రంగురంగుల పగడాలకి గొప్పది, కుట్టని జెల్లీచేపల సరస్సులు కూడా ఉన్నాయి. అయితే పడవలు బయలుదేరే ఊరు సొరాంగ్ నుంచి అక్కడికి రాత్రంతా తెరచిన సముద్రంలో పోవాలి, తిరిగి రావడమూ అంతే. రెండూ కలపాలంటే 10 లేదా 11 రాత్రులు కావాలి. 8 రాత్రుల్లో రెండూ చూపిస్తామని రాసిన కార్యక్రమాల్లో సగం పగళ్లు ప్రయాణానికే పోతాయి. ఉత్తరంలో క్రి, మన్సువార్, గామ్, అర్బోరెక్, ఫామ్ దీవులు ఒకదానికొకటి దగ్గర. అర్బోరెక్ ఊరి చెక్క జెట్టీ కిందే చేపల గుంపులు చూడొచ్చు, అమ్మగారు కూడా దిగగలరు. ఫామ్‌లోని పియానెమో శిఖరానికి మూడొందల పైచిలుకు చెక్కమెట్లు, పట్టుకోవడానికి పక్కన రెయిలింగ్ ఉంది. ఇంకా ఉత్తరాన ఉన్న వాయాగ్ దీవుల శిఖరానికి మెట్లు లేవు, కత్తిలాంటి సున్నపురాయి మీద చేతులతో పాకాలి. అది వదిలేయండి.

2012లో చేపల శాస్త్రవేత్త జెరాల్డ్ ఆలెన్ కేప్ క్రి దగ్గర ఒక్క డైవ్‌లోనే 374 జాతులు లెక్కపెట్టారు. ఆ దిబ్బ పైభాగం స్నార్కెల్‌తోనూ కనిపిస్తుంది. అందుకే అక్కడ ఒక్క పూట కాదు, రెండు పూటలు అడగండి.

ఇంజన్‌గది:
పడవ ఎంపిక గురించి రాస్తాను. వందమంది ఓడలో ఊగు తక్కువ, డాక్టరు ఉంటారు. కానీ రబ్బరు పడవల్లో వంతులవారీగా దింపుతారు, కాబట్టి నీటిలో గడిపే సమయం తగ్గుతుంది. పెద్ద ఓడ దిబ్బలకి దగ్గరగా రావడం కూడా మంచిది కాదు. 2017 మార్చిలో ఒక విహార ఓడ క్రి దగ్గర ఆటు సమయంలో దిబ్బ మీదికెక్కింది. నలిగిపోయిన పగడం మొదటి లెక్కలోనే 1,600 చదరపు మీటర్లు, తర్వాతి లెక్కల్లో ఇంకా పెరిగింది. మీ అవసరానికి పినిసి అనే చెక్క పడవే సరి.

కానీ చెక్క పడవకి అలల ప్రమాదం ఒక్కటే కాదు, నిప్పు ప్రమాదం కూడా పెద్దదే. రాత్రి అందరూ పడుకున్నాక కెమెరా, టార్చి లిథియం బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కి అంటుకోవడం ఈ తరహా పడవలన్నిటికీ ఉన్న ముప్పు. డబ్బు కట్టకముందే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి: రాత్రంతా మేలుకుని తిరిగే కాపలా మనిషి ఉన్నాడా? ఛార్జింగ్‌కి మనుషులు కనిపెట్టుకుని ఉండే ఒకే చోటు ఉందా, లేక గదుల్లో పెట్టుకోమంటారా? కింది అంతస్తు గదులకి మెట్లు కాకుండా రెండో బయటి దారి ఉందా, అది ఎక్కడికి తెరుచుకుంటుంది? ప్రతి గదిలో పొగ అలారం ఉందా? లైఫ్ రాఫ్ట్‌లో సిబ్బందితో సహా అందరికీ చోటుందా? ఆక్సిజన్ సిలిండరు, శాటిలైట్ ఫోను ఉన్నాయా? జవాబు డొంకతిరుగుడుగా వస్తే ఆ పడవ వద్దు, ఎంత తక్కువ ధరైనా సరే. ఎక్కిన మొదటి గంటలోనే ఆ రెండో దారి గుండా బాబు చేత ఒకసారి బయటికి నడిపించండి.

గది విషయం: ఊగు అన్నిటికన్నా తక్కువ ఉండేది కింది అంతస్తు మధ్యలో. ముక్కు వైపు పైకీ కిందికీ లేస్తుంది, వెనక వైపు జనరేటర్ మోత, డీజిల్ వాసన. డీజిల్ వాసనే చాలామందికి వాంతి తెప్పిస్తుంది. అయితే కింది మధ్య గదికి రెండో దారి లేకపోతే పై అంతస్తు మధ్య గది తీసుకోండి. ఊగు వల్ల వచ్చే తిప్పుడు మాత్రతో తగ్గుతుంది.

మందులపెట్టె:
మలేరియా మాత్రలు అవసరమే. పాపువా ప్రాంతంలో ఫాల్సిపారం, వైవాక్స్ అనే రెండు రకాల మలేరియా ఉంది. పడవ మీద రాత్రి దోమ తక్కువ, కానీ పిట్టల కోసం తెల్లవారుజామున అడవిలోకి వెళ్తున్నారు, సొరాంగ్‌లో పడుకుంటున్నారు. మామూలుగా రాసేవి రెండు. డాక్సీసైక్లిన్ పెద్దవాళ్లకి రోజుకి 100 మి.గ్రా., వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలు, తిరిగొచ్చాక 4 వారాలు. అటోవాక్వోన్-ప్రొగువానిల్ కూడా ముందు మొదలు అలాగే, తిరిగొచ్చాక 7 రోజులు చాలు. బాబుకి మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి.

డాక్సీతో మనవాళ్లు చేసే తప్పులు రెండు. పెరుగన్నం తిన్న వెంటనే వేసుకుంటారు, కాల్షియం మందుని ఒంటికి పట్టనివ్వదు. లేదా గుటకెడు నీళ్లతో మింగి పడుకుంటారు, మాత్ర గొంతులో ఆగి పుండు పడుతుంది. టిఫిన్‌తో, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట కూర్చోవాలి. ఈ మందు ఎండకి చర్మాన్ని మండిస్తుంది కాబట్టి పొడుగు చేతుల ఈత చొక్కా తప్పనిసరి. మెఫ్లోక్విన్ అనే ఇంకో మలేరియా మాత్ర ఇస్తే దాని తలతిరుగుడు, ఆందోళన లక్షణాల గురించి అడిగి తెలుసుకోండి. తిరిగొచ్చిన నెలల్లో జ్వరం వస్తే, మాత్రలు వేసుకున్నా సరే, ఎక్కడికి వెళ్లొచ్చారో చెప్పి అదే రోజు రక్తపరీక్ష చేయించండి.

తిప్పుడుకి ప్రోమెథజీన్ గానీ సిన్నరిజిన్ గానీ పడవ కదలకముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. ప్రోమెథజీన్ బాగా మత్తు, కాబట్టి రాత్రి ప్రయాణానికి బాగుంటుంది, నీళ్లలోకి దిగే పూటకి పనికిరాదు. అమ్మగారికి గ్లకోమా ఉంటే ఈ మందులు వద్దు, బీపీ మాత్రలతో కలిపి ఒకసారి డాక్టరుకి చూపించండి. ఎల్లో ఫీవర్ టీకా ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకి అక్కర్లేదు.

వేళచేరి_వాసి:
అష్టమి మాట బంగారం. మా ఆవిడ అప్పుడే క్యాలెండర్ తీసింది. ఇంకో రెండు: బాబుకి స్వర్గపక్షులు నిజంగా కనిపిస్తాయా, లేక కరపత్రంలో బొమ్మేనా? మా ఆవిడకి మైనస్ మూడు అద్దాలు, మాస్క్ ఎలా?

బెంగళూరు_పిట్టలు:
కనిపిస్తాయి, కానీ పడవ రాత్రి సరైన చోట లంగరు వేయాలి. కార్యక్రమంలో "పక్షుల నడక" అని రాసి ఉంటే చాలదు, ఏ ఊరు, ఏ జాతి అని అడగండి. విల్సన్ స్వర్గపక్షి ప్రపంచం మొత్తంలో వాయిగియో, బతాంతా దీవుల్లోనే ఉంది. వాయిగియోలోని వాయిసాయ్ పట్నానికి దగ్గర్లోని సపోర్క్రెన్ ఊరివాళ్లు, మగపిట్ట ఆడపిట్ట కోసం ఆడే చోట్ల దగ్గర ఆకులతో మాటు గుడిసెలు కట్టి, వెంట తీసుకెళ్తారు. ఎర్ర స్వర్గపక్షి అక్కడా, గామ్ దీవిలోని సావింగ్రాయ్ దగ్గరా కనిపిస్తుంది. 1860లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ వాయిగియో చేరింది ఈ ఎర్ర పిట్ట కోసమే.

రెండూ వేర్వేరు తరహా. ఎర్రవి ఎత్తయిన చెట్టు కొమ్మల్లో గుంపుగా ఆడతాయి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడాలి. విల్సన్ మగపిట్ట నేలమీద చిన్న చోటు చూసుకుని ఒక్కో ఆకూ ముక్కుతో ఏరి పారేస్తుంది, ఆ శుభ్రమైన నేల మీదే ఆట. తల మీద ఈకలు లేని నీలి చర్మం అడవి చీకట్లో దీపంలా మెరుస్తుంది. వెలుతురు రాకముందే మాటులో కూర్చుని ఉండాలి, కాబట్టి పడవ నుంచి నాలుగు, నాలుగున్నరకి బయలుదేరాలి. దారి బురద, ఎక్కుడు. అమ్మగారు పడవలోనే ఉండడం మంచిది. ఎర్ర వెలుగు హెడ్‌ల్యాంప్, జలగలు పట్టకుండా పొడుగు సాక్సులు, ముదురు రంగు బట్టలు. ఫ్లాష్ అసలు వద్దు. అడవిలో నేల దగ్గర వెలుతురు బాగా తక్కువ, కెమెరాలో ఐఎస్‌ఓ 3200 నుంచి 6400 దాకా పెట్టాల్సి వస్తుంది. లెన్స్ పొడవు కన్నా వెలుతురు ఎక్కువ తీసుకోవడమే ముఖ్యం. విల్సన్‌కి 300 మి.మీ. సరిపోతుంది, అది దగ్గరగానే ఉంటుంది.

అక్కడి ఊళ్లు ఎక్కువగా క్రైస్తవులవి, ఆదివారం ఉదయం చర్చి. నడక ఆదివారం పడకుండా చూడమనండి. ఒక పూట వానకి పోతే ఇంకో పూట ఉండేలా రెండు ఉదయాలు అడగండి. ఒక్క ఉదయమే పెట్టుకోవడం వల్లే చాలామంది చూడకుండా తిరిగొస్తారు.

సాంబారు_సముద్రం:
తిండి గురించి ఒక్కటే. అక్కడ "శాకాహారం" అంటే కూరలో మాంసం ముక్క లేకపోవడం అనుకుంటారు. సంబల్ అనే మిరప పచ్చడిలో తెరాసి అనే రొయ్యల ముద్ద, వేపుళ్లలో సౌస్ తిరామ్ అనే ఆల్చిప్పల సాస్ పడుతుంది. వంటమనిషికి ఈ మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి: తాన్పా తెరాసి, తాన్పా ఇకాన్, తాన్పా దాగింగ్, తాన్పా తెలూర్, తాన్పా సౌస్ తిరామ్. తాన్పా అంటే లేకుండా, ఇకాన్ చేప, దాగింగ్ మాంసం, తెలూర్ గుడ్డు. సోయాతో చేసే టెంపే, టోఫు రోజూ దొరుకుతాయి, అన్నానికి కొదవ లేదు. కంపెనీ సీలు ఉన్న పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్లి విమానాశ్రయంలో దాచకుండా చెప్పండి. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు వద్దు. పెరుగు మీద ఆశ పెట్టుకోవద్దు.

పగడపుదిబ్బ:
మాస్క్: పవర్ అద్దాలు అమర్చే మాస్కులు అర పాయింటు తేడాలతో దొరుకుతాయి. మైనస్ మూడుకి రెండు కళ్లకీ మైనస్ మూడే పెట్టించినా నీళ్లలో ఇబ్బంది ఉండదు, రెండు కళ్ల అసలు పవర్లలో పెద్ద తేడా లేకపోతే. సరిపోయిందో లేదో చూడాలంటే పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి, చెయ్యి వదిలినా జారకూడదు. కొత్త అద్దం మీద కంటికి కనిపించని సిలికాన్ పొర ఉంటుంది, అదే ఆవిరి పట్టడానికి కారణం. తెల్ల టూత్‌పేస్టుతో లోపలి వైపు రెండు మూడు సార్లు రుద్ది కడగండి. దిగే పూట ఒక చుక్క బేబీ షాంపూ చాలు. తలకీ ముఖానికీ కొబ్బరినూనె రాసుకున్న రోజు ఎంత మంచి మాస్కైనా కారుతుంది, ఆ వారం నూనె మానేయాలి. చెన్నైలోనే ఈత కొలనులో నెల రోజులు సాధన చేయండి. మెరీనా అలల్లో సాధన చేయొద్దు, అక్కడ నీళ్లు లోపలికి లాగేస్తాయి.

రాజా అంపట్‌లో నీళ్లలోకి దిగేది ప్రవాహం వెంట తేలడానికి. ఎదురీదితే పది నిమిషాల్లో ఆయాసం వస్తుంది. చిన్న పడవ వెంటే రావాలి, బాబుకీ అమ్మగారికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ఒక గైడు కేవలం స్నార్కెలింగ్ వాళ్ల కోసం ఉండాలి. డైవర్లే ఎక్కువున్న పడవలో గైడ్లంతా వాళ్లతో కిందికి పోతారు, కాబట్టి ఇది కూడా ముందే రాయించుకోండి. మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. గైడు సరేనన్న చోట తప్ప అక్కడ దిగొద్దు.

విమానాలు: చెన్నై నుంచి సింగపూర్ లేదా కౌలాలంపూర్, అక్కడినుంచి జకార్తా, జకార్తా నుంచి సొరాంగ్ నేరుగా లేదా మకాస్సర్ మీదుగా. వీసా ఆన్ అరైవల్ జకార్తాలో దిగగానే తీసుకోవచ్చు, 5 లక్షల రుపియా, 30 రోజులు, పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉండాలి. టికెట్లు వేర్వేరుగా కొంటే సామాను జకార్తాలో దించుకుని మళ్లీ ఎక్కించాలి, మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. దేశీయ విమానంలో సామాను పరిమితి తక్కువ, కెమెరా చేతిసంచిలోనే. సొరాంగ్ మనకన్నా మూడున్నర గంటలు ముందు. పడవ ఎక్కే రోజు ఉదయం దిగేలా కాదు, ముందురోజే చేరి అక్కడ పడుకోండి. దేశీయ విమానం ఒక్కటి రద్దయినా పడవ మీకోసం ఆగదు, తర్వాత దాన్ని అందుకోవడానికి దారీ ఉండదు.

రాజా అంపట్ ప్రవేశానికి విదేశీయులకి 7 లక్షల రుపియా కార్డు, దానితోపాటు 3 లక్షల టికెట్. పడవ ధరలో ఇవి కలిశాయో లేదో చూడండి, చాలాసార్లు కలవవు. నగదు సొరాంగ్‌లోనే తీసేయండి. ప్లగ్గులు గుండ్రటి రెండు కాళ్లవి, మన ఫోన్ ఛార్జర్లు పడతాయి, మూడు కాళ్లవి పట్టవు.

తేదీలు పడ్డాక ఇక్కడే పెట్టండి, ఏ రోజు ఏ దిబ్బ దగ్గర నీళ్లు ఎప్పుడు నిలుస్తాయో ఆటుపోట్ల పట్టిక చూసి రాస్తాను.