250 ఓంల హెడ్‌ఫోన్‌కు ఎలాంటి ఆంప్లిఫైయర్ కావాలి?

ప్రశ్న: నా దగ్గర బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో ఉంది, 250 ఓంల రకం. ఫోనుకు చిన్న అడాప్టర్‌తో తగిలించి వింటున్నాను. కొత్త పాటలకు ఇబ్బంది లేదు కానీ కచేరీ రికార్డింగులు మాత్రం వాల్యూమ్ చివరిదాకా పెంచినా నీరసంగా ఉంటున్నాయి. కొందామనుకుంటున్న ఆంప్లిఫైయర్ పెట్టె మీద ‘32 ఓంల వద్ద 100 మిల్లీవాట్లు’ అని రాసి ఉంది. నాకు సరిపోతుందా?

జవాబు: ఆ అంకె మీ హెడ్‌ఫోన్‌కు సంబంధించినది కాదండీ. 32 ఓంల వద్ద 100 మిల్లీవాట్లంటే సుమారు 1.8 వోల్టులు. అదే వోల్టేజి 250 ఓంల మీద పడితే వచ్చేది 13 మిల్లీవాట్లే. వోల్టేజిని వోల్టేజితోనే గుణించి ఓంలతో భాగించండి, మీకే తెలుస్తుంది.

ఇక మీ అవసరం ఎంతో చూద్దాం. డీటీ 990 ప్రో సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవరుకు ఎంత జోరుగా మోగుతుందన్న కొలత, 1 మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్. అడాప్టర్ 1 వోల్టు ఇస్తుందనుకుంటే 4 మిల్లీవాట్లు, అంటే గరిష్ఠంగా 102 డెసిబెల్స్. కొత్త పాటలను మొదటినుంచీ ఒకే జోరులో ఉండేలా అణిచి తయారు చేస్తారు కనుక అది చాలు. కచేరీలో సగటు ధ్వని శిఖరాలకన్నా, అంటే అన్నిటికన్నా జోరైన క్షణాలకన్నా, 20 డెసిబెల్స్ కిందే ఉండవచ్చు. మీకు నీరసం అనిపిస్తున్నది అందుకే. శిఖరాలకు 110 డెసిబెల్స్ దాకా చోటు ఉంచుకుంటే 25 మిల్లీవాట్లు, అంటే 2.5 వోల్టులు కావాలి. 250 లేదా 300 ఓంల వద్ద ఎంత ఇస్తుందో విడిగా చెప్పిన ఆంప్లిఫైయర్‌నే చూడండి. 50 మిల్లీవాట్లు దాటితే ధైర్యంగా తీసుకోవచ్చు. 110 అన్నది క్షణకాలపు శిఖరాలకే సుమా, అంత జోరుగా వినమని కాదు.

మరొకరు: ఓంలు తక్కువగా ఉంటే అసలు ఆంప్లిఫైయరే అక్కర్లేదని విన్నాను.

జవాబు: నేనూ చాలాచోట్ల విన్నాను, ఒప్పుకోను. హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 అనే హెడ్‌ఫోన్ కేవలం 50 ఓంలే. కానీ సెన్సిటివిటీ 83.5 డెసిబెల్స్. పై లెక్క ప్రకారమే దానికి 450 మిల్లీవాట్ల దాకా కావాలి. వోల్టేజి 4.7, కరెంటు 90 మిల్లీఆంపియర్లకు పైనే. డీటీ 990కి 10 మిల్లీఆంపియర్లు చాలు. ఓంలూ సెన్సిటివిటీ రెండూ తెలియకుండా ఏ సలహా ఇచ్చినా అది ఊహే. ఇంకో తిరకాసు ఉంది: కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు కాక వోల్టుకు చెబుతాయి. ఆ రెండు అంకెలను నేరుగా పోల్చకండి.

ప్రశ్న అడిగినవారు: అర్థమైంది, ధన్యవాదాలు. అదే ఆంప్లిఫైయర్‌కు నా 16 ఓంల ఇయర్‌ఫోన్లు కూడా పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు, అయితే అక్కడ చూడాల్సింది బలం కాదు. మొదటిది, ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే దాని జాక్‌కు సొంతంగా ఉండే ఓంలు. అది మీ ఇయర్‌ఫోన్ ఓంలలో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క, అంటే మీకు 2 ఓంలు. మించితే, ఒక్కో చెవిలో నాలుగైదు డ్రైవర్లు (ధ్వని పుట్టించే చిన్న స్పీకర్లు) ఉండే రకాల్లో బేస్, ట్రెబుల్ పాళ్లే మారిపోవచ్చు. పాత స్టీరియో రిసీవర్ల జాక్‌లలో ఇది 100 ఓంలు దాటడం మామూలే. రెండోది, పాట లేనప్పుడు వినిపించే సన్నని ‘స్‌స్’ శబ్దం. గెయిన్ మీట (ధ్వనిని ఎన్ని రెట్లు పెంచాలో మార్చేది) ఉన్న ఆంప్లిఫైయర్ తీసుకుని, ఇయర్‌ఫోన్లకు ‘లో’లో పెట్టండి. తగిలించే ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించడం మరిచిపోవద్దు. డీటీ 990 కోసం పెట్టిన స్థాయిలోనే ఇయర్‌ఫోన్లు మోగితే చెవులకు ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు: చివరగా ఒకటి. డీటీ 990లో ‘స’, ‘ష’ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. మంచి ఆంప్లిఫైయర్‌తో తగ్గుతుందా?

జవాబు: తగ్గదండీ. అది ఆ హెడ్‌ఫోన్ స్వభావం. దానికోసం ఖరీదైన ఆంప్లిఫైయర్ కొనడం డబ్బు వృథా. ఫోనులో ఈక్వలైజర్ తెరిచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ తగ్గించి వినండి. ఇంకా గుచ్చుకుంటే మరో రెండు తగ్గించండి.